లాడ్జికి రెండు రాళ్లు: నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు ఒక రోజు ప్రయాణం

ఆళ్లగడ్డకు జనం ఎందుకు వెళ్తారని అడిగితే అహోబిలం బస్సు కోసమని కొందరు, గుడికి విగ్రహం చేయించుకోవడానికని కొందరు చెబుతారు. నేను వెళ్లింది చెక్కని రాయి కోసం. శిల్పుల ఊరికి వెళ్లి చెక్కని రాయి అడగడమంటే, పెళ్లి వంటలకు పేరుపడ్డ మనిషిని పిలిచి పచ్చి బియ్యం వడ్డించమన్నట్టే. ఆ సంగతి బయల్దేరేముందు నాకు తట్టలేదు. తట్టి ఉంటే ఇక్కడ రాయడానికి ఏమీ ఉండేది కాదు.

నాది తణుకు. ఒక విత్తనాల కంపెనీలో పని. కిందటి జూన్‌లో నంద్యాలకు బదిలీ అయింది. మా ఆవిడ పద్మ టీచరు, బడి ఏడాది పూర్తయ్యేదాకా అక్కడే ఉండిపోయింది. నంద్యాలలో నాకు తెలిసిన ప్రాణి లేదు. నేను ‘అండీ’ అంటే కూరగాయల బండివాడు కూడా ఎవరితో మాట్లాడుతున్నానా అని వెనక్కి తిరిగి చూసేవాడు. శామ్యూల్ మాస్టారి ఇంట్లో మేడమీద వాటాకు అద్దెకు దిగాను. ఆయన లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. ఆదివారం చర్చి తప్పరు, ఎవరి ఇంట్లో చావైనా పెళ్లైనా తప్పరు. నెలకో శనివారం సాయంత్రం మాత్రం, నంద్యాల ఎండలో, నల్లకోటు తొడుక్కుని చిన్న తోలుపెట్టె పట్టుకుని ఎక్కడికో వెళ్లేవారు. ఉండబట్టలేక ఒకసారి అడిగితే “లాడ్జికి నాయనా” అన్నారు.

తెలుగునాట లాడ్జి అంటే ఏమిటో నేను చెప్పనక్కర్లేదు. బస్టాండు ఎదుట రంగుదీపాల బోర్డు, మెట్లపక్కన గుట్కా మరకలు, రిజిస్టర్‌లో అబద్ధపు పేర్లు. డెబ్బై దాటిన పెద్దమనిషి కోటు వేసుకుని మరీ అక్కడికెందుకు వెళ్తున్నారో నాకు అర్థం కాలేదు, అడగడానికి నోరూ రాలేదు. నా మొహం చూసి ఆయనే నవ్వేశారు. మరుసటి నెల భోజనానికి నన్ను వెంటబెట్టుకుపోతానన్నారు. ఆ సంతోషంలో నేను పద్మకు ఫోన్ చేసి “ఈ శనివారం రాత్రి లాడ్జిలో భోజనం” అన్నాను. “ఎవరితో?” అంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి మాస్టారే ఫోన్ అందుకోవాల్సి వచ్చింది.

ఇంతకీ అదొక సోదర సంఘం. పేరు రాయను, ప్రపంచంలో చాలా ఊళ్లలో ఉన్నదే. మాస్టారు చెప్పే కథ ఇది. ఎప్పుడో యూరప్‌లో పెద్ద చర్చిలూ కోటలూ కట్టే కాలంలో రాతిపనివాళ్లు పని ఎక్కడుంటే అక్కడికి వెళ్లేవాళ్లు. కట్టడం పక్కనే ఒక పాక వేసుకుని పనిముట్లు అందులో దాచుకునేవాళ్లు, అందులోనే తినేవాళ్లు, ఎండ ముదిరితే అందులోనే నడుం వాల్చేవాళ్లు. ఆ పాక పేరే లాడ్జి. కొత్తగా వచ్చినవాడికి నిజంగా పని వచ్చో రాదో తెలుసుకోవడానికి గుర్తుమాటలు పెట్టుకున్నారు. తరతరాలు గడిచాక రాయి ముట్టని పెద్దమనుషులు కూడా ఆ సంఘాల్లో చేరారు. కట్టడాలు పోయాయి, పనిముట్లు మిగిలాయి, వాటికి అర్థాలు చెప్పుకోవడం మొదలైంది. ఇందులో ఎంత చరిత్ర, ఎంత కల్పన అని చదువుకున్నవాళ్లు ఇప్పటికీ వాదించుకుంటున్నారట. మన దేశానికి దొరలతో వచ్చింది, నంద్యాలకు రైలు ఉద్యోగులతో వచ్చిందని మాస్టారి నమ్మకం.

అర్థాలు చాలా తేలికైనవి. మూలమట్టం నడవడి వంకర పోకూడదని చెబుతుంది. రసమట్టం ముందు ఆఫీసరూ అటెండరూ ఒకే ఎత్తు. కంపాసు, కోరికలకు గీత గీసుకోమంటుంది. ప్రమాణం చేసేవాడు తన మతగ్రంథం మీదే చేస్తాడు, అందుకని బల్ల మీద బైబిలు, గీత, ఖురాను పక్కపక్కనే ఉంటాయి. అందరూ ఒకరినొకరు ‘బ్రదర్’ అని పిలుచుకుంటారు. మాస్టారు చర్చిలోనూ అలాగే పిలుస్తారు గనుక ఆయన బ్రదర్ అన్న ప్రతి మనిషీ ఎటువైపు బ్రదరో నాకు ఇప్పటికీ తెలియదు. లోపల మతం గురించీ రాజకీయం గురించీ మాట్లాడకూడదు. అందరూ ఈ సంఘానికి ఏదో పెద్ద రహస్యం ఉందనుకుంటారు. నన్నడిగితే, ఈ ప్రాంతంలో ఇరవైమంది మగవాళ్లు ఒక గదిలో కూర్చుని రాజకీయం ఎత్తకుండా రెండు గంటలు గడపడమే అసలు రహస్యం.

ఆ గదిలో ఎప్పుడూ రెండు రాళ్లుంటాయి. ఒకటి గుట్టలో నుంచి తీసింది తీసినట్టే ఉన్న మొండిరాయి. రెండోది అన్ని వైపులా చెక్కి నునుపు చేసింది. మొండిరాయి కొత్తగా చేరినవాడు, నున్నరాయి వాడు కావలసిన మనిషి. చేరిన రోజున కొత్తవాడు మొండిరాయి ముందు మోకరించి చిన్న సుత్తితో కొట్టాలి. అదే వాడి మొదటి పని. మా నంద్యాల సంఘంలో దీనికి ఇంకో పట్టింపు కూడా ఉంది. రెండు రాళ్లూ ఒకే తల్లిరాయి నుంచి చీల్చినవై ఉండాలి. నున్నరాయి ఎక్కడి నుంచో రాదు, ఈ మొండివాడిలోనే ఉంది అని చెప్పడానికట.

ఈ ఏడాది సంఘం పాత అద్దె హాలు వదిలి, రైల్వే స్టేషన్ దారిలో సొంత హాలు కట్టుకుంది. సామాన్లన్నీ భద్రంగా చేరాయి, మొండిరాయి తప్ప. వెతగ్గా వెతగ్గా కాంపౌండు గోడలో, కింది నుంచి రెండో వరసలో, సిమెంటు పట్టించుకుని దొరికింది. “మూలన ఊరికే పడుంది సారూ, పనికొస్తాదని పెట్టేసినా” అన్నాడు మేస్త్రీ. దాన్ని గోడలోనే వదిలేశారు. మొండిరాయి కట్టడంలో చోటు సంపాదించుకోవాలనే కదా వాళ్లు ఇన్నేళ్లుగా బోధిస్తున్నది.

అలా కొత్త జత అవసరం పడింది. శనివారం సాయంత్రం హాలు ప్రవేశం, ఆ భోజనం తర్వాత నేనూ చేరతానన్నాను గనుక ఆ రోజే నన్ను చేర్చుకోవడం. చాలా ఏళ్ల తర్వాత చేరుతున్న మొదటి కొత్త మనిషిని నేనే. అది కాగానే మాస్టారు సంఘానికి అధ్యక్షుడిగా తాను కూర్చునే పెద్దకుర్చీ ఇంకొకరికి అప్పగించి పక్కకు తప్పుకుంటున్నారు. “రాయి లేకుండా జరపకూడదా మాస్టారూ” అని అడిగాను. “జరపొచ్చు. అన్నం లేకుండా పెండ్లి కూడా చేయొచ్చు” అన్నారు. ఆ మాటతో బాధ్యత నా నెత్తిన పడింది. ఎవరో ఇచ్చిన నంబరుకు ఫోన్ చేసి, ఆళ్లగడ్డలో నాగలింగాచారి అనే శిల్పికి చెప్పాను: లాడ్జికి రెండు రాళ్లు కావాలి, ఒకే రాయిని చీల్చాలి, ఒకటి నున్నగా ఒకటి మొండిగా. వెనకాల గ్రైండరు రొద. “అట్లనే, అట్లనే” అన్నాడాయన. ఇల్లు అలకగానే పండగ కాదని మా అమ్మమ్మ ఊరికే అనేది కాదు.

శనివారం పొద్దున ఏడు దాటాక నంద్యాల బస్టాండులో కడప వైపు వెళ్లే బస్సెక్కాను. ఆళ్లగడ్డ నలభై కిలోమీటర్లకు కాస్త ఎక్కువ, ఎక్స్‌ప్రెస్ అయితే గంటలో దిగుతారు, పల్లెవెలుగు అయితే శిరివెళ్లలో టీ వాసన పీల్చుకుంటూ ఇంకాస్త ఆలస్యంగా దిగుతారు. బస్సులు వెంటవెంటనే ఉంటాయి, వంద రూపాయల లోపే టికెట్టు. ఎడమవైపు కిటికీ పట్టుకోండి. దారి పొడుగునా నల్లమల కొండలు కూడా వస్తాయి, దగ్గరికీ రావు, వదిలీ పోవు. రోడ్డుకు రెండు పక్కలా వరి. నేను విత్తనాల మనిషిని గనుక ఏ మడిలో ఏ రకమో పేర్లు చెప్పుకుంటూ కూర్చున్నాను. పక్కనున్న ఆయన చాగలమర్రి దాకా వెళ్తున్నాడు, రెండు మూడు పేర్లు సరిదిద్ది నిద్రపోయాడు.

ఆళ్లగడ్డ వచ్చిందని బోర్డు చూడకుండానే తెలుస్తుంది. రోడ్డు పక్కన తల లేని హనుమంతుడు, నడుం దాకా మాత్రమే బయటికొచ్చిన నంది, ఇంకా కళ్లు తెరవని అమ్మవారు, వరసగా దుమ్ములో నిలబడి ఉంటారు. షెడ్లలో గ్రైండర్ల రొద, ఆ రొద మధ్య ఎక్కడో ఉలి చప్పుడు. ముందు టిఫిన్ చేయండి. బస్టాండు దగ్గర ఉగ్గాని బజ్జీ నలభై రూపాయలకు కడుపునిండా పెడతారు. మరమరాలు నానేసి తాలింపు వేసి, పైన పప్పులపొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ. బజ్జీ కారం నా కళ్లలో కనిపించినట్టుంది, వంటామె ఇంకో గరిటె ఉగ్గాని వేసి “కోస్తా సారా? మెల్లగా తిను” అంది.

నాగలింగాచారి షెడ్డు పెద్దరోడ్డు మీదే ఉంది. అరవై ఏళ్ల మనిషి, కనుబొమలు కూడా రాతిదుమ్ముతో తెల్లబడ్డాయి. నన్ను చూసి చేతులు దులుపుకుని “రాప్పా, నీ పనే చూస్తాండా” అంటూ లోపలికి తీసుకెళ్లి గోనెసంచి తీశాడు. నున్నరాయి చూడగానే ప్రాణం లేచొచ్చింది. నల్లగా, అద్దంలా, మూలలు చేతికి తగిలితే కోసుకునేంత పదునుగా ఉంది. అప్పుడు రెండో గోనెసంచి తీశాడు.

చుట్టూ నాలుగు పక్కలా రాయి మొండిగానే ఉంది. పైముఖం మాత్రం నున్నగా మెరుస్తోంది. దాని మీద ఎనిమిది రేకుల కమలం. కమలం కింద గుండ్రటి అందమైన అక్షరాల్లో ‘సుస్వాగతం’.

నాకు కోపం వస్తే ముందు చెవులు ఎర్రబడతాయి. “ఇదేంటండీ?” అన్నాను.

“బాగుంది గదా? ఇప్పుడు లాడ్జిలోళ్లంతా ఇట్లే చేపిచ్చుకుంటాండారు సారూ. చుట్టూ మొండిగా, పైన నున్నగా. తిరుపతి రోడ్డులో పోయిన నెల ఇట్లాంటివే రెండు పెట్టొచ్చినా” అన్నాడు ఆచారి. “నువ్వు కమలం చెప్పలేదు. అది నా తరపున.”

“నేను మొండిగా ఉంచమన్నాను కదండీ! ఏమీ చెక్కొద్దన్నాను!”

“లాడ్జి అన్నావు. లాడ్జి ముందర స్వాగతం లేకుంటే ఎవురొస్తారు?”

పది రోజుల కిందట ఫోన్‌లో నేనన్న ఆ ఒక్క మాట అప్పుడు నా తల మీద పడింది. ఇది ఆ లాడ్జి కాదని చెప్పాను. మంచాలుండవని చెప్పాను. ఆయన మొహంలో రంగు మారింది. తప్పు దిద్దుకుంటాడనుకున్నాను, తిరగబడ్డాడు. “మొండిరాయే కావాలంటే గుట్టకాడికి పోవాల, నా కాడికి ఎందుకొచ్చినావు? నా షెడ్డులో నుంచి పని కాని రాయి ఇంతవరకూ బయటికి పోలేదు. ఆళ్లగడ్డ నుంచి తెచ్చినామని చెప్పి నలుగురి ముందర మొండిరాయి పెడతారా? నా మొకం ఏం కావాల?” నేనూ తగ్గలేదు. సాయంత్రం హాలు ప్రవేశమనీ, మాస్టారికి మాటిచ్చాననీ, ఈ రాయి ముందు నేను మోకరించాలనీ గొంతు పెంచి చెప్పాను. పక్కన చెక్కుతున్నవాళ్లు గ్రైండర్లు ఆపి వినడం మొదలెట్టారు.

ఆపింది ఆయన భార్య ఈశ్వరమ్మ. మజ్జిగ తెచ్చి ఇద్దరి చేతుల్లో పెట్టి, “రాయిని చూసి మోకాళ్లేసేదేందో ముందు అది చెప్పన్నా. తర్వాత అరుచుకుందురు” అంది.

చెప్పాను. చేతికందిన వాటినే చూపిస్తూ చెప్పాను, ఎందుకంటే మా హాలులో గాజు బీరువాలో ఉండేవన్నీ ఆ షెడ్డులో దుమ్ములో పడి ఉన్నాయి. మూలమట్టం, రసమట్టం, కంపాసు, సుత్తి, ఉలి. ఆచారి కోపం మర్చిపోయి ముందుకు జరిగాడు. తెల్లతోలు ఏప్రాన్ సంగతి చెబితే “పని చేసేటప్పుడు కట్టుకుంటారా” అన్నాడు. పని చేయరు, కట్టుకుంటారంతే అన్నాను. ఆయన తన మాసిన ఏప్రాన్ వైపు చూసుకున్నాడు.

“అయితే మీరు రాళ్లు చెక్కరు?”

“చెక్కమండీ.”

“మరి ఏం చెక్కుతారు?”

“మమ్మల్ని మేము.”

ఈశ్వరమ్మ గ్లాసులు తీసుకుంటూ అంది: “మొగోళ్లను చెక్కేదానికి సంగం పెట్టుకున్నారా? ఇండ్లలో మేము చెక్కుతాండాం గదా, అది చాల్లేదా?” షెడ్డంతా నవ్వింది. ఆచారి కూడా నవ్వాడు, అందరికన్నా ఆఖర్న.

నవ్వితే రాయి మారదు కదా. ఆ తల్లిరాయిలో ఇంకో ముక్క మిగిలిందేమో అని అడిగాను. చెక్కుముక్కలు తప్ప ఏమీ మిగల్లేదు, అవి కూడా పెరట్లో గుంత పూడ్చడానికి పోశారు. వేరే రాయి ఇస్తానన్నాడు, కానీ జత కాదు. అక్షరాలు కొట్టేసి మళ్లీ మొండిగా చేయగలరా అని నోటిదాకా వచ్చింది. ఆయన వేలి చివరతో కమలం రేకుల్లో దుమ్ము తీస్తున్నాడు. “దీన్ని చెడగొట్టమనొద్దు సారూ. కొట్టాలంటే వేరే ఎవుర్నన్నా పిలుచుకో” అన్నాడు నా వైపు చూడకుండా. నేను అడగలేదు. ఉన్నది ఉన్నట్టే తీసుకెళ్లి మాస్టారి ముందు పెట్టి, తిట్లు తినడమే నాకు మిగిలిన దారి.

ఈశ్వరమ్మ అన్నం తినకుండా పోనివ్వలేదు. జొన్నరొట్టె, వంకాయ పులుసు, ఎర్రకారం. దిగులుగా కూర్చున్నా మూడు రొట్టెలు తిన్నాను, ఆ సంగతి కూడా ఒప్పుకోవాలి. ఆచారి ఊళ్లో మస్తాన్ అనే అతని ట్రాలీ ఆటో మాట్లాడిపెట్టాడు. నంద్యాలకు పదిహేను వందలు, బేరమాడితే కొంచెం దిగుతుంది. నాకు ఆ రోజు బేరమాడే ఓపిక లేదు. రాయి ఒక్కోటి అడుగు పొడవే అయినా ఇద్దరు మనుషులు మొయ్యాల్సిందే. మస్తాన్ ట్రాలీలో వరిగడ్డి పరిచి, కమలం రాయిని బోర్లా పడుకోబెట్టాడు. “అక్షరాలు పైకి పెడితే తాడు ఒరుసుకుంటాది సారూ. మొకం కిందికుంటే భద్రం” అన్నాడు. ఆచారి అవునని తలాడించి, రాయి కింద గడ్డి ఇంకో పిడికెడు కూరాడు.

తిరుగు దారిలో కొండలు కుడివైపుకు మారాయి. శిరివెళ్లలో టీకి ఆగాం. “నంద్యాలలో యాడుండాది సారూ మీ లాడ్జి? బస్టాండు కాడనా?” అన్నాడు మస్తాన్. పొద్దుటి నుంచి ఆ మాట నన్ను వదలడం లేదు. కాదు, అది సంఘం, మనుషులు బాగుపడాలని పెట్టుకున్నది అన్నాను. అతను టీ పూర్తిచేసి “బాగుపడినారా?” అని అడిగాడు. ఈ సాయంత్రమే చేరుతున్నానని చెప్పాను. “అయితే ఇప్పుడే ఏం చెప్తావులే” అని బండి తీశాడు.

నేనేం చెప్పాలో ఒక్కో ఊరి బోర్డు దగ్గరా ఒక్కోలా అనుకుంటూ వచ్చాను. తొమ్మిది నెలలుగా నన్ను సొంత మనిషిలా చూసిన ఆయన ఒక్క పని చెప్పారు, అదీ తలకిందులైంది. ఆయన కుర్చీలో కూర్చునే ఆఖరి సభ అది. ఆ సభలో హోటల్ బోర్డు ముందు మోకరించాలన్నమాట. నాకు నిజంగా ఏడుపొచ్చినంత పనైంది.

హాలు ముందు బండి ఆగేసరికి నాలుగు దాటింది. మాస్టారు అప్పటికే నల్లకోటులో గేటు దగ్గర నిలబడి ఉన్నారు, మిగతావాళ్లు కుర్చీలు సర్దుతున్నారు. నేను దిగి నోరు తెరిచేలోపే ఆయన ట్రాలీ దగ్గరికి వెళ్లిపోయారు. నున్నరాయి మీద చెయ్యేసి బాగుందన్నారు. తర్వాత రెండోదాని వైపు వంగారు. అది బోర్లా ఉంది. పైకి కనిపిస్తున్నది దాని అడుగు. ఎగుడుదిగుడుగా, పెచ్చులుగా, గుట్టలో రాయిని చీల్చేటప్పుడు మేకులు దిగిన గుంతలు ఒక అంచు పొడుగునా పంటిగాట్లలా ఉన్నాయి. శిల్పి చెయ్యి అక్కడ పడలేదు. అడుగు ఎవరు చూస్తారని వదిలేశాడు. మాస్టారు అరచేత్తో దాన్ని నెమ్మదిగా నిమిరారు. చేతికి గీరుకుంటున్నా తియ్యలేదు.

“ఇట్లనే ఉండాల. పాతదానికన్నా ఇది మొండిది నాయనా, నీకు తగిన రాయే తెచ్చినావు” అన్నారు.

నోరు మూసుకుని ఉంటే అయిపోయేది. ఒక నిమిషం ఉన్నాను కూడా. కానీ ఇంకో రెండు గంటల్లో మూలమట్టం గురించి ప్రమాణం చేయబోయేవాణ్ణి. “మాస్టారూ, కింద ఇంకో మొహం ఉంది” అన్నాను.

నలుగురూ కలిసి రాయిని పక్కకు వంచారు. గడ్డిపరకల మధ్య నుంచి కమలం, దాని కింద ‘సుస్వాగతం’. నేను జరిగిందంతా చెప్పాను. లాడ్జి అనే మాట దగ్గరికి రాగానే మాస్టారికి నవ్వు మొదలైంది. దగ్గు వచ్చేదాకా నవ్వారు, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ నవ్వారు. మిగతావాళ్లు రాయిని పట్టుకునే ఉండటంతో పాపం నవ్వలేకపోయారు.

“పెట్టేదా, వద్దా సార్?” అని ఒకాయన ముక్కుతూ అడిగారు.

“పెట్టండప్పా. బండిలో ఎట్లొచ్చిందో అట్లే పెట్టండి, మొకం కిందికి. దానికన్నా నిలకడగా యా రాయి కూచుంటాది?” అన్నారు మాస్టారు. తర్వాత నా భుజం మీద చెయ్యేసి మెల్లగా అన్నారు. “తణుకు నుంచి వచ్చినోనికి ఈ ఊళ్లో ఎవురూ స్వాగతం చెప్పలేదంటివి గదా. చూడు, చెప్పినారు.”

ఆ రాత్రి తలుపుల వెనక జరిగింది రాయను. రాయకూడదు కూడా. మోకరించాను, సుత్తితో కొట్టాను అన్నంతవరకే చెప్తాను. ఎక్కడో కింద, నేలకు ఆనుకుని, ఎనిమిది రేకుల కమలం ఉందని ఆ గదిలో అందరికీ తెలుసు. బయటికొచ్చాక “ఇది బ్లాగులో రాసుకోవచ్చా మాస్టారూ” అని అడిగాను. “రాసుకో. అంత బరువు రాయిని తిరగేసి చూసే ఓపిక ఎవురికుంటాది” అన్నారు. అప్పటికి ఆయన పెద్దకుర్చీ ఖాళీ చేసి, మామూలు కుర్చీలో నా పక్కన కూర్చుని పాయసం తింటున్నారు.

మర్నాడు నాగలింగాచారికి ఫోన్ చేశాను. వెనకాల గ్రైండరు ఆగింది. “కమలం బాగా కనపడతాందా సారూ?” అన్నాడు. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. కనపడదండీ, కిందికుంది, పైన మొండిగా ఉన్న వైపు పెట్టుకున్నాం అన్నాను. దానికి ఆయన అన్నాడు. “గుళ్లో విగ్రహం నిలబెట్టేటప్పుడు కింద యంత్రం పెడతాం సారూ. అది కూడా ఎవురికీ కనపడదు. దాని మీదనే సామి నిలబడేది. నాది ఆడ పెట్టినారన్న మాట. మంచిదే.” ఆ తర్వాత ఈశ్వరమ్మ ఫోన్ లాక్కుని, నన్ను చెక్కడం ఎంతవరకు వచ్చిందని అడిగింది.

ఒక ఊరు మనల్ని ఎప్పుడు తనలో కలుపుకుంటుందో చెప్పడం కష్టం. నాకు మాత్రం తేదీ తెలుసు, బరువు కూడా తెలుసు. పనిముట్లకు అర్థాలు చెప్పుకునే వాళ్ల దగ్గరి నుంచి బయల్దేరి, ఆ పనిముట్లతో పొద్దున్నే పని మొదలెట్టే వాళ్ల దగ్గరికి వెళ్లొచ్చాను. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి సగమే అర్థమైంది. మిగతా సగం ఒక ఆటోడ్రైవరు రాయిని గడ్డి మీద బోర్లా పడుకోబెట్టడం వల్ల కుదిరింది. బడి సెలవులివ్వగానే పద్మ వస్తోంది. ముందు లాడ్జి చూపించమంది, ఆ మాట నవ్వకుండానే అంది.

మీరూ ఆళ్లగడ్డలో ఏదైనా చేయించుకోవాలనుకుంటే ఒకటే సలహా. ఏం చెక్కాలో చెబితే చాలదు, ఏం చెక్కకూడదో కూడా స్వయంగా వెళ్లి, షెడ్డులో నిలబడి, వేలు పెట్టి చూపించి రండి. ఫోన్‌లో మాత్రం లాడ్జి అనకండి. ఒకవేళ నోరు జారితే కంగారు పడకండి, రాయిని ఒకసారి తిరగేసి చూడండి.